ఆవాజ్ కావాలి, అల్ఫాజ్ వద్దా?

మా ఓటు జూబ్లీహిల్స్‌ది, బతుకు ఎర్రగడ్డది. కొండ మీద ఫిల్మ్‌నగర్‌లో పాటలు పుడతాయి. కింద మా గల్లీల్లో, ఆటోల్లో, షాదీల్లో మోగుతాయి. ఆ పాటల్లో ఆడ ఆవాజ్ ఎప్పుడూ ఉంటుంది. అల్ఫాజ్ మాత్రం దాదాపు అన్నీ మగవాళ్లవే. శ్రేష్ఠ లాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే, ఆడ గేయ రచయిత పేరు చెప్పమంటే మనం తడుముకోవాల్సిందే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఇంటర్ చదివే మా బిటియా ర్యాప్ రాస్తోంది. మొన్న ఇషా నమాజ్ అయ్యాక ఫోన్‌లో బీట్ పెట్టుకుని, నోట్‌బుక్ చూస్తూ నాకు వినిపించింది. సగం మా ఇంటి ఉర్దూ, సగం తెలుగు. సండే బజార్, మెట్రో కింద ట్రాఫిక్, బస్సులో మగపిల్లల చూపులు. బాగుంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట మాత్రం ‘ఎవరికీ వినిపించకు బేటా’.

‘ఆప్ లిఖే సో సబ్ పఢ్నా, మై లిఖీ సో కైకు ఛుపానా, అబ్బా?’ అంది.

నేను రాసింది అందరూ చదవాలి, తను రాసింది ఎందుకు దాచాలి? ఇరవై ఏళ్లుగా పత్రికల్లో సవాళ్లు వేసే నా దగ్గర జవాబ్ లేదు.

తను ఎక్కువగా వినేది రాజకుమారిని. అసలు పేరు శ్వేతా ఎల్లప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పుట్టిన తెలుగు బిడ్డ. చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. ర్యాప్ చేస్తుంది, పాడుతుంది కూడా. కానీ దునియా ఆమెని మొదట గుర్తుపట్టింది గొంతుతో కాదు, కలంతో. 2013లో ఇగ్గీ అజేలియా పాడిన ‘చేంజ్ యువర్ లైఫ్’ రాసినవాళ్లలో ఆమె ఒకరు. ఆ పాట ఉన్న ‘ద న్యూ క్లాసిక్’ 2015 గ్రామీల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ నామినేషన్ దాకా వెళ్లింది. తర్వాత 2017లో ముంబయి ర్యాపర్ డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’. 2019లో ఎంటీవీ ‘హసల్’లో జడ్జి కుర్సీ. 2023లో సొంత లేబుల్ గాడ్‌మదర్ రికార్డ్స్ మీద ‘ద బ్రిడ్జ్’.

ముందు ఇంకొకరి కోసం రాసింది, తర్వాత తన కోసం రాసుకుంది, చివరికి తన దుకాణం తనే తెరిచింది. ‘ఆమె అమెరికా పిల్ల, తాలీమ్ ఉంది, స్టూడియోలున్నాయి, మన పిల్లలకేముంది’ అనొచ్చు. నిజమే, ఆ ఫరక్ చిన్నది కాదు. ఫిల్మ్‌నగర్ గేటు దాటడానికి మా పిల్లకి ఎవరి సిఫారిషూ లేదు. కానీ ర్యాప్‌కి కావాల్సింది ఒక ఫోన్, ఒక నోట్‌బుక్, చెప్పడానికో బాత్. ఆ మూడూ ఎర్రగడ్డలో ఉన్నాయి.

‘ఇది మగపిల్లల ఖేల్’ అనేవాళ్లూ ఉన్నారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే ఆ దావత్ పెట్టింది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి. స్కూలుకి కొత్త బట్టలు కొనుక్కోవడానికి. రికార్డులు తిప్పిన ఆమె అన్న డీజే కూల్ హర్క్‌కే పేరంతా వచ్చింది. 1999లో హిప్‌హాప్‌కి మొదటిసారి ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ గ్రామీ తెచ్చింది లారిన్ హిల్. ఆమె కూడా ర్యాప్, గానం రెండూ చేసే మనిషే.

అంత దూరం ఎందుకు? మా అమ్మీ షాదీల్లో ఢోలక్ వాయించేది. ఢోలక్ కే గీత్ హైదరాబాదీ ముస్లిం ఆడవాళ్ల జాయదాద్. సమ్‌ధన్‌ని, దూల్హా వాళ్లని తాళం తప్పకుండా ఆటపట్టిస్తుంటే దాలాన్ అంతా నవ్వులే. అక్కడికక్కడే పేర్లు మార్చి కొత్త చరణం కట్టేవాళ్లు. దానికీ ర్యాప్‌కీ ఎంత దూరం? మౌలా అలీ గుట్ట కింద నిద్రపోతున్న మహ్‌లఖా బాయి చందా పాడింది, గజళ్లు రాసి దీవాన్ కూర్చింది. ఉర్దూ మీడియంలో చదివిన నాకు బడిలో ఆమె పేరు ఎవరూ చెప్పలేదు.

మౌసీఖీ జాయజా, నాజాయజా అన్న బహస్ ఉలమాలది. నేను ఆలిమ్‌ని కాను, ఆ బహస్‌ని తక్కువ చేయను. నా సవాల్ ఒకటే. రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’ గల్లీ గల్లీలో మోగినప్పుడు ఆ ఫిక్ర్ మనలో ఎంతమందికి వచ్చింది? మగపిల్లల ర్యాప్‌ని బరాత్‌లో పెట్టుకుని ఆడినవాళ్లం, బిటియా నోట్‌బుక్ తెరవగానే ఇజ్జత్ మాట ఎత్తుతున్నాం. అంటే మన ఎతరాజ్ పాట మీద కాదు. ఆడపిల్ల తన మాట తానే చెప్పడం మీద.

నా భయం అబద్ధం కాదు. ముస్లిం అమ్మాయి మొహం ఆన్‌లైన్‌లో కనిపిస్తే ఎంత గలీజ్ రాస్తారో రోజూ చూస్తున్నా. కానీ గలీజ్ రాసేవాళ్లని వదిలేసి పాట రాసే పిల్లని ఖామోష్ చేయడం ఇన్సాఫ్ ఎట్లా అవుతుంది?

వచ్చే నెల మా ఖాందాన్‌లో ఒక షాదీ ఉంది. అటక మీదున్న అమ్మీ ఢోలక్ దించి, తోలు బిగించమని ఇచ్చాను. బిటియాకి చెప్పాను, నోట్‌బుక్ కూడా తెచ్చుకో, నీ పేరుతోనే వినిపించు అని.