ఫ్యూజు పోయిందంటే ఫ్యూజుది తప్పు కాదు



ఈ వారం మేము చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవాలి.

మన సఖినేటిపల్లిలో ఒక పెద్దాయన దగ్గర పాత వాల్వు స్టీరియో యాంప్లిఫయరు ఉంది. మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు కొనుక్కున్నారు, రిటైరై వస్తూ వెంట తెచ్చుకున్నారు. ట్రాన్సిస్టరు 1947లోనే పుట్టినా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మన రేడియోలూ మైకు సెట్లూ వాల్వుల మీదే నడిచాయి. స్విచ్చి వేయగానే పలకదు. గాజు బుడ్డిలో సన్నగా ఎర్రటి వెలుగు వచ్చి, వేడెక్కాకే పాట వస్తుంది. అమ్మగారు బతికున్న రోజుల్లో సాయంత్రమైతే ఇద్దరూ దాని ముందే కూర్చునేవారట.

మొన్న వానల్లో దాని ఫ్యూజు పోయింది. పలకరించడానికి వెళ్లిన మేము, "ఇదెంత పని బాబాయ్ గారూ" అంటూ ఫ్యూజు తీగ బదులు రాగి తీగ చుట్టేశాం. పాడింది. కాకపోతే పాట వెనక బుయ్‌మని ఒక హమ్ము. వాల్యూము పెంచాం, హమ్ము పాటలో కలిసిపోయింది. కాఫీ తాగి, మెప్పు పొంది వచ్చేశాం. పది రోజులకు కబురొచ్చింది, పెట్టెలోంచి కాలిన వాసన వస్తోందని. విదేశంలో ఉన్న కొడుకు ఫోనులో "పాత ఇనుముకి వేసేయండి నాన్నా, కొత్తది పంపిస్తాను" అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. ఆ మౌనం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

నరసాపురం నుంచి ఒక పాత మెకానిక్కుని పంటు దాటించి తీసుకొచ్చాం. ఆయన అడుగు పలక విప్పి అడిగిన మొదటి మాట, "ఈ తీగ ఎవరు పెట్టారండీ?" మేము తల వంచుకున్నాం.

ఆయన ముందు సరైన ఫ్యూజు వేశారు. కరెంటు నేరుగా ఇవ్వకుండా మధ్యలో 100 వాట్ల బల్బు సీరీస్‌లో కట్టారు. లోపల షార్టు ఉంటే ఆ బల్బు భగ్గుమంటుంది, పెట్టెకు దెబ్బ తగలదు. మొదట మందంగా వెలిగిన బల్బు, రెక్టిఫయరు వాల్వు వేడెక్కగానే భగ్గుమంది. స్విచ్చి కట్టి ఆ వాల్వు తీసి చూస్తే బల్బు మళ్లీ తగ్గింది. "ఆయ్, ట్రాన్స్‌ఫార్మరు బతికే ఉందండి. జబ్బు దీని తర్వాత ఉంది" అన్నారు. రెక్టిఫయరు తిరిగి పెట్టి, నాలుగు అవుట్‌పుట్ వాల్వులూ తీసి చూశారు. బల్బు మళ్లీ భగ్గుమంది. అనుమానం ఫిల్టరు కండెన్సరు మీదికి వచ్చింది, మీటరు పెడితే అదే తేలింది. ఇన్నేళ్లకు లోపల పాడైపోయింది. అందుకే హమ్ము, అందుకే ఫ్యూజు పోవడం. మేము ఏం చేశాం? మొదటి హెచ్చరికను రాగి తీగతో, రెండోదాన్ని వాల్యూముతో నొక్కేశాం.

కండెన్సరు మార్చాక పాట శుభ్రంగా వచ్చింది. ఇంతలో కుడివైపు ఒక ఈ.ఎల్.84 వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలడం మొదలైంది. మామూలుగా వెలిగేది మధ్యలో ఉన్న హీటరు, రేకు ఎర్రబడకూడదు. వెంటనే ఆపేశారు. "వాల్వు పోయినట్టుంది, కొత్తది కొందాం" అన్నాం. ఆయన నవ్వి, ఎడమవైపు వాల్వుతో దాన్ని అటూ ఇటూ మార్చారు. మనం పోయిందనుకున్న వాల్వు ఎడమవైపు చల్లగా పని చేసింది. బాగున్నది కుడివైపు అదే సాకెట్‌లో ఎర్రబడింది! దానికి ముందున్న చిన్న కప్లింగ్ కండెన్సరు లీకవుతోంది. వెనక దశ నుంచి పాటను మాత్రమే వదిలి, అక్కడి డి.సి. వోల్టేజిని ఆపడం దాని పని. అది ఆపలేక, సున్నా ఉండాల్సిన గ్రిడ్ మీద ప్లస్ వోల్టులు పడ్డాయి. పక్కవాడు వదిలేసిన భారం మోయలేక ఎర్రబడింది వాల్వు.

ప్రియులారా, మా అభిప్రాయం ఇదీ. లోపం కనబడ్డ చోటే లోపం ఉందని తీర్పు చెప్పకండి. తల్లి కువైట్‌లో, తండ్రి రాత్రంతా చెరువుల మీద కాపలాలో ఉన్న పిల్లాడు బడిలో కొట్లాడితే, "వీడింతే" అన్నాం. మేమూ అన్నాం. ఎర్రబడ్డవాణ్ని మార్చేయడం తేలిక. వాడిమీద పడుతున్న వోల్టేజి ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక మెట్టు వెనక్కి వెళ్లి చూడటం కష్టం. ఇంట్లో ఎవరైనా "ఇక నావల్ల కాదు" అన్నప్పుడు, అది పోయిన ఫ్యూజు. సర్దిచెప్పి లావు తీగ చుట్టకండి. అంతకంటే విలువైనది లోపల కాలుతుంది.

"పాత పెట్టెకి ఇంత అవసరమా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఉంటే మేమూ పట్టుబట్టేవాళ్లం కాదు. పారేయడం తప్పని మేము అనడం లేదు, వెతక్కుండా పారేయడం తప్పు అంటున్నాం. చివరికి మార్చింది రెండు కండెన్సర్లే!

ఒక హెచ్చరిక. ఇలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే సొంతంగా విప్పకండి. లోపల మూడు వందల వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో నిలిచి ప్రాణం తీయగలదు. స్పీకర్లు తగిలించకుండా స్విచ్చి వేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పాడవుతుంది. తెలిసినవాళ్లను పిలవండి. అలాంటివాళ్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లే కరువు.

ఆ సాయంత్రం పాట మొదలయ్యాక పెద్దాయన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, కళ్లు మూసుకున్నారు. మేము క్షమించమని అడిగాం. "మీరు కావాలని చేశారా అయ్యగారూ, కూర్చోండి" అన్నారు.

మీ ఇంట్లో ఈ మధ్య పోయిన ఫ్యూజు ఏది? ఈ రాత్రి ఒకసారి ఆలోచించండి.