అడ్వెంచర్ గేమ్‌కు వేరే అర కావాలి

గేమ్ ప్రియులకు, తయారీదారులకు, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలకు విజ్ఞప్తి

కత్తియుద్ధాల గేమ్ మీద ‘అడ్వెంచర్’ అని ఉంటుంది. కొండలెక్కే గేమ్ మీదా, తుపాకుల గేమ్ మీదా అదే ముద్ర. బుర్రకు పని చెప్పే కథ కావాలని వచ్చినవాళ్లు ఈ రద్దీలో వెతికి వేసారి వెళ్లిపోతున్నారు. ప్రచారానికి డబ్బులేని చిన్న తయారీదారు ఆ మేరకు నష్టపోతున్నాడు.

ఈ పేరుకు ఒక చరిత్ర ఉంది. 1970ల నడుమ విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, అమెరికాలోని కెంటకీ గుహల్లో తాను తిరిగిన దారుల ఆధారంగా ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని విస్తరించాడు. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. తెర మీది వర్ణన చదివి, ఒకటి రెండు మాటలు టైప్ చేస్తూ లోపలికి నడవాలి. ఈ కోవ మొత్తానికి పేరిచ్చిన గేమ్ అదే కనుక నిర్వచనమూ అక్కడి నుంచే రావాలి: వేళ్ల వేగంతో పనిలేకుండా, చూసి, అడిగి, ఆలోచించి కథను ముందుకు నడిపించేదే అడ్వెంచర్ గేమ్. వేళ్ల వేగం అవసరమైన యాక్షన్-అడ్వెంచర్ ‘టూమ్ రైడర్’ ఎంత గొప్పదైనా ఈ గీతకు అవతలే. పోలీసు విచారణ వీడియోలను వెతికి నిజం రాబట్టే 2015 నాటి ‘హర్ స్టోరీ’ ఇవతల ఉంటుంది.

ఇలాంటివి అమ్ముడుపోవనే వాదన చెల్లదు. 1993లో వచ్చిన ‘మిస్ట్’ అరవై లక్షల ప్రతులు దాటింది. 2002లో ‘ద సిమ్స్’ మించేదాకా పీసీ గేమ్‌ల అమ్మకాల్లో దానిదే అగ్రస్థానం. దెబ్బ తగిలింది తయారీలో. 1999 నాటి ‘గేబ్రియల్ నైట్ 3’లో నాయకుడు మరో మనిషిలా వేషం వేయడానికి పిల్లి వెంట్రుకలతో మీసం తయారుచేసుకోవాలి. ఆ మనిషికేమో మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్టు ఫొటో మీదా మీసం గీయాలి. ఏ తర్కానికీ అందని ఇలాంటి చిక్కుముళ్లు ఆడేవాళ్లను విసిగించాయి. పెద్ద కంపెనీలు తప్పుకున్నాయి. 2004లో లూకస్‌ఆర్ట్స్ ‘శామ్ అండ్ మ్యాక్స్’ కొత్త గేమ్‌ను మధ్యలోనే ఆపేసింది.

అయినా 2012లో డబుల్ ఫైన్ సంస్థ ఒక అడ్వెంచర్ గేమ్ చేయడానికి, జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే, 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షలు ఇచ్చారు. అభిమానులు ఎక్కడికీ పోలేదని తేలింది. కానీ ఆ సొమ్మూ చాలక ఆ గేమ్, ‘బ్రోకెన్ ఏజ్’, 2014లో సగం, 2015లో సగం వచ్చింది. భవిష్యత్తు చిన్న బృందాలది, అదుపులో ఉన్న ఖర్చుది. లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ చూడండి. తెర మీద రెండే రంగులు. ఓడలో ఉన్న 60 మందికి ఏమైందో తేల్చడమే పని. 2018లో వచ్చిన ఉత్తమ గేమ్‌లలో అదొకటి.

దుకాణాలు అడ్వెంచర్‌నూ యాక్షన్-అడ్వెంచర్‌నూ వేరు వేరు అరల్లో పెట్టాలి. తయారీదారులు ప్రతి చిక్కుముడినీ విడుదలకు ముందే కొత్తవాళ్ల చేత ఆడించి చూడాలి. వాళ్లకు పరిష్కారం చెప్పాక కూడా అర్థం కాకపోతే దాన్ని తీసేయాలి.

ఈ కోవలో సగం బలం రాతదే. ట్వైన్ అనే ఉచిత సాధనంలో ప్రోగ్రామింగ్ రాకపోయినా, తెలుగు లిపిలోనే ఇలాంటి కథ అల్లవచ్చు. కథ రాయగలవాళ్లు ముందుకు రండి. ఆడేవాళ్లు నచ్చిన చిన్న గేమ్‌ను దొంగ కాపీ దించుకోకుండా డబ్బిచ్చి కొనండి, తప్పు ట్యాగ్ కనిపిస్తే దుకాణానికి ఫిర్యాదు చేయండి.