డంప్ బట్టీ పడితే డేటాబేస్ రాదు

తిరుపతిలో ఇంజినీరింగ్, ఎంసీఏ చదివే పిల్లలు ఒరాకిల్ సర్టిఫికేషన్ రాయాలనుకోగానే సీనియర్లను అడిగే మాట ఒకటుంది: "అన్నా, డంప్ ఉందా?" పరీక్ష రాసొచ్చినవాళ్ళు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలన్నీ పోగేసిన పీడీఎఫ్‌కే ఆ పేరు. వాట్సాప్‌లో చేతులు మారుతుంది. రెండు వారాలు దాన్ని బట్టీపట్టి పరీక్షకు కూర్చుంటారు. ఈ అలవాటు మన పిల్లలకు మేలు చేయడం లేదు.

వాళ్ళ భయం నాకు తెలుసు. పరీక్ష ఫీజు తక్కువేమీ కాదు. తప్పితే 14 రోజులు ఆగి, మళ్ళీ ఫీజు కట్టి రాయాలి. పలమనేరు, కుప్పం పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లకు ఆ ఫీజు అమ్మ దాచిన పాల బిల్లు డబ్బు. ఒక్కసారిలో గట్టెక్కాలని ఆ పిల్ల ఆశపడటంలో తప్పేముంది? తప్పల్లా, డంప్ ఒక్కటే దారని చెప్పినవాళ్ళది.

డంప్ నేర్పలేనిది ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. కాలేజీలో రెండు టేబుళ్ళున్నాయి అనుకుందాం. ఒకదాంట్లో విద్యార్థుల రోల్ నంబర్లు, ఇంకోదాంట్లో ఫీజు రసీదులు. ఫీజు కట్టనివాళ్ళ జాబితా కావాలి. రసీదుల్లో లేని రోల్ నంబర్లు తెమ్మని 'నాట్ ఇన్'తో క్వెరీ రాస్తాం. చూడ్డానికి ఏ వంకా ఉండదు. కానీ ఎవరో హడావిడిలో ఒక్క రసీదుకు రోల్ నంబరు వేయకుండా వదిలేశారు. అక్కడ 'నల్' పడింది. ఇక క్వెరీ ఒక్క వరుస కూడా చూపదు. వందమంది బాకీ ఉన్నా జాబితా ఖాళీగానే వస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అందరూ ఫీజు కట్టేశారనుకుని ఆఫీసువాళ్ళు ఫైలు మూసేస్తారు.

నల్ అంటే సున్నా కాదు, విలువ తెలియదని అర్థం. ఆ తెలియని నంబరు ఫలానా విద్యార్థిది కాదని డేటాబేస్ తేల్చలేదు. తేల్చలేని వరుసను అది చూపించదు. అదే క్వెరీని 'నాట్ ఎగ్జిస్ట్స్'తో రాస్తే సరైన జాబితా వస్తుంది. డంప్‌లో ఇలాంటి ప్రశ్నకు జవాబు 'ఆప్షన్ సి' అని మాత్రమే ఉంటుంది. టేబుల్ కట్టి, నల్ వేసి, ఖాళీ జాబితా చూసి కంగారుపడిన పిల్లకు మాత్రం ఇది జన్మలో మరిచిపోయే సంగతి కాదు.

ఒరాకిల్‌లో ప్రోగ్రాములు రాసే భాష పీఎల్ ఎస్‌క్యూఎల్‌లో ఇలాంటివి అడుగడుగునా ఉన్నాయి. 'సెలెక్ట్ ఇంటూ'కు వరుస దొరక్కపోతే 'నో డేటా ఫౌండ్' ఎక్సెప్షన్ వస్తుంది, ఒకటికి మించి దొరికితే 'టూ మెనీ రోస్' వస్తుంది. అక్కడే 'కౌంట్' అడిగితే ఒక్క వరుసా లేకపోయినా సున్నా వస్తుంది, ఎక్సెప్షన్ రాదు. 'వెన్ అదర్స్ దెన్ నల్' అని రాసి తప్పులన్నిటినీ మింగేసే ప్రోగ్రామైతే జీతాల లెక్కలో ఎవరి పేరు జారిపోయినా నోరు మెదపదు. ఇంటర్వ్యూలో కాగితమిచ్చి రాయమనేవి ఇవే.

ఇంకో సంగతి. 1970లో ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ రాసిన వ్యాసం మీదే ఈ విద్యంతా నిలబడింది. 1979లో ఒరాకిల్ మార్కెట్లోకి వచ్చింది, 1988లో దాని ఆరో వెర్షన్‌తో పీఎల్ ఎస్‌క్యూఎల్ వచ్చింది. పునాది అప్పటిదే. పీఎల్ ఎస్‌క్యూఎల్ పరీక్ష కోడ్ మాత్రం 147 పోయి 144, అదీ పోయి 149 అయింది. కోడ్ మారిన రోజున డంప్‌కు విలువ పోతుంది. పైగా డంప్ వాడినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు ఒరాకిల్‌కు ఉంది.

డంప్ లేకుండా చదవడానికి డబ్బు ఖర్చు లేదు. పరీక్షలో వచ్చే అంశాల జాబితా ఒరాకిలే ఉచితంగా ఇస్తుంది. డేటాబేస్ ఫ్రీ ఎడిషన్ ఉంది. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్ళు బ్రౌజర్‌లోనే ఒరాకిల్ 'ఫ్రీఎస్‌క్యూఎల్' (ఇదివరకటి 'లైవ్ ఎస్‌క్యూఎల్') వాడుకోవచ్చు. రోజుకో అంశం తీసుకోండి. రన్ నొక్కేముందు ఏం వస్తుందో తెలుగులోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చింది వేరైతే ఎందుకో తేలేదాకా వదలొద్దు. మీ తప్పులతో నిండిన ఆ నోట్‌బుక్కే పరీక్ష ముందు రోజు తిరగేయాల్సిన పుస్తకం.

తల్లిదండ్రులకు ఒక మాట. కోచింగ్ సెంటర్‌కు వెళితే "పాస్ గ్యారంటీనా?" అని కాదు, "మా బిడ్డను రోజుకు ఎన్ని గంటలు సిస్టమ్ ముందు కూర్చోబెడతారు?" అని అడగండి. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు కాలేజీల యాజమాన్యాలకు ఇంకో మాట. సాయంత్రం బస్సులు కదలగానే ల్యాబ్‌కు తాళం వేయకండి. హాస్టల్ పిల్లల కోసం రాత్రి 8 దాకా తెరిచి, సందేహం తీర్చగల మాస్టారు ఒకరిని అక్కడ ఉంచండి. బోర్డుల మీద సర్టిఫికెట్ల లెక్క రాసుకునే కాలేజీ ముందు ఈ పని చేయాలి. ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.