మన కంప్యూటర్: సీడీ ఎక్కలేదు, పాట దక్కింది

మన శీర్షికకు ఈసారి సందేహం మంగాఫ్ నుంచి వచ్చింది. 1990లలో మన వేదికపై పిల్లలు పాడిన పాటలకు వాద్య సహకారం కంప్యూటర్‌లో తయారుచేసి ఇచ్చిన పెద్దాయన నిరుడు కాలం చేశారు. ఆయన శ్రీమతి ఒక సీడీ, నాలుగు ఫ్లాపీలు నా చేతికిచ్చి, "తమ్ముడూ, ఆయన కట్టిన పాటకు మనవరాలు పాడాలని ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ కొత్త లాప్‌టాప్‌లో ఎక్కడం లేదు" అన్నారు.

నేనూ ధీమాగానే కూర్చున్నాను. సెటప్ నొక్కితే, ఇది మీ కంప్యూటర్‌లో నడవదని మొండికేసింది. మౌస్ కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద పాత విండోస్ పేరు ఎంచి చూశాను. ఫలితం లేదు. రెండు శుక్రవారాలు ఇలాగే గడిచాయి. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

అసలు చిక్కు ఇదీ. ఆ రోజుల్లో చాలా ప్రోగ్రాములు 32 బిట్‌వే అయినా, వాటిని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్‌ది. ఇప్పటి 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను బొత్తిగా నడపదు. సామాను బాగానే ఉంది, మోసుకొచ్చిన లారీయే సందు మలుపు తిరగడం లేదన్నమాట. సెటప్ కూడా 32 బిట్‌దైతేనే కంపాటిబిలిటీ వల్ల ప్రయోజనం.

వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాముతో కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్ సృష్టించవచ్చు. అందులో వారింట్లో ఉన్న అసలు సీడీతో 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ వేశాను. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014లో ఆగిపోయాయి, కనుక లోపలి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి. సెటప్ అక్కడ మారుమాట లేకుండా ఎక్కింది.

పాట తెరిస్తే వీణ ఉండవలసిన చోట సితార్! ఆయన వాడింది మిడి పద్ధతి. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో ధ్వని దాచరు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న లెక్కే ఉంటుంది, మోగించేది కంప్యూటర్. 1991 నాటి జనరల్ మిడి పట్టికలో 128 వాద్యాలున్నాయి. సితార్ ఉంది, షెహనాయ్ కూడా ఉంది. వీణ లేదు, మృదంగం లేదు. అందుకే ఆయన సితార్‌నే తీసుకుని, ఒక్కొక్క గమకాన్నీ పిచ్ బెండ్‌తో వంచి పెట్టారు. తెరమీద ఆ గీతలు చూస్తే ఎన్ని రాత్రులు కూర్చున్నారో అర్థమవుతుంది.

మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత, ముందు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో ఫైళ్ళు కాపీ చేసుకోండి. పాట తెరుచుకోగానే 'సేవ్ యాజ్'లో మిడి ఫైలుగా ఒకటి, ధ్వనితో సహా వేవ్ ఫైలుగా ఒకటి దాచండి. ప్రోగ్రాము సొంత ఫైలును వేరేవి తెరవకపోవచ్చు, మిడిని నేటి సంగీత ప్రోగ్రాములు దాదాపు అన్నీ తెరుస్తాయి.

నాలుగో ఫ్లాపీ ఎంత ప్రయత్నించినా చదవలేదు. "మూడు దక్కాయి కదా తమ్ముడూ" అన్నారు అక్కయ్యగారు. మనవరాలి పాట ఈనాటి కార్యక్రమాల్లో ఆరవది.