ఆ సంతోషం మనం అంటగట్టింది

హవానా చూసి వచ్చిన తెలుగు యాత్రికులు రాసేవైనా, వీడియోల్లో చెప్పేవైనా చివరికి ఒక్క మాట దగ్గరే తేలుతున్నాయి: "పేదవాళ్లే, కానీ ఎంత సంతోషంగా ఉన్నారో!" రంగురంగుల పాత షెవర్లే కార్లు, గుమ్మాల్లో కబుర్లు, డామినో ఆట, మలుపు మలుపుకీ గిటారు. సోషలిజాన్ని అభిమానించేవాళ్లు దీన్ని ఆ వ్యవస్థ గొప్పతనంగా చూపిస్తున్నారు. రాజకీయాలు పట్టనివాళ్లు మన ఉరుకుల పరుగుల బతుకులకు పాఠంగా చెబుతున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఆ వీధుల్లో నేనూ తిరిగాను. ఆ మాట తప్పు, పైగా క్యూబా ప్రజలకు అవమానం.

కార్ల సంగతే చూడండి. ఎవరూ ముచ్చటపడి దాచుకున్నవి కావవి. 1959 విప్లవం తర్వాత అమెరికా కార్లు రావడం ఆగిపోయింది. విప్లవానికి ముందునాటి బళ్లను తప్ప మామూలు మనుషులు స్వేచ్ఛగా కొనడానికి, అమ్మడానికి 2011 దాకా చట్టం ఒప్పుకోలేదు. అందుకే వాటిని చావనివ్వలేదు. బానెట్ ఎత్తితే చాలావాటిలో ఉండేది ఇంకేదో బండి డీజిల్ ఇంజను. విడిభాగం దొరక్కపోతే మెకానిక్ తనే తయారు చేసుకుంటాడు. ఆ పనితనానికి దండం పెట్టాలి. ఫొటో కింద "కాలం ఆగిపోయిన ఊరు" అని రాసేస్తే తండ్రీ కొడుకులు తరాల తరబడి చేసిన ఆ చాకిరీ ఎవరికీ కనపడదు.

దుకాణం ఎదుట, చెట్టు నీడన చెదురుమదురుగా కూర్చుని మాట్లాడుకునే గుంపును చూస్తే ఎంత తీరికో అనిపిస్తుంది. అది క్యూ. అక్కడ వరసలో నిలబడరు. వచ్చినవాళ్లు "ఆఖరు ఎవరు?" అని గట్టిగా అడిగి, ఎవరి వెనక తమ వంతో గుర్తుపెట్టుకుని నీడకు చేరతారు. కోడిమాంసం కోసమో వంటనూనె కోసమో గంటలు గడిచిపోతాయి. రాత్రిళ్లు గుమ్మాల్లో జనం కనిపించేది కూడా తరచు కరెంటు పోయినప్పుడే. ఫ్యాను తిరగని గదిలో, ఆ ఉక్కలో పిల్లలు నిద్రపోలేరు. 2024 అక్టోబరులో మతాన్సాస్‌లోని ఆంటోనియో గితెరాస్ విద్యుత్ కేంద్రం ఆగిపోయి దేశమంతా చీకటైంది. ఆ తర్వాతా గ్రిడ్ మళ్లీ మళ్లీ కూలింది.

సంగీతం వాళ్ల రక్తంలోనే ఉందంటే నాకు మరీ కోపం వస్తుంది. 1961లో, ఒకప్పుడు హవానా సంపన్నులు గోల్ఫ్ ఆడుకున్న మైదానంలో కళాశాలలు కట్టడం మొదలుపెట్టారు: నాట్యానికి, సంగీతానికి, నాటకానికి, చిత్రకళకు. పేదింటి పిల్లలు ఫీజు లేకుండా ఏళ్ల తరబడి సాధన చేశారు. అదే ఏడాది దాదాపు లక్షమంది కుర్రాళ్లు, అమ్మాయిలు లాంతర్లు పట్టుకుని పల్లెలకు వెళ్లారు. ఆ ఉద్యమంలో సుమారు ఏడు లక్షల మంది చదవడం, రాయడం నేర్చుకున్నారు. విప్లవ ప్రభుత్వం చేసిన ఈ మేలును నేను నిండు మనసుతో గౌరవిస్తాను. పుట్టుకతో వచ్చిన హుషారని చెప్పేస్తే ఆ మేలూ చెరిగిపోతుంది, ఆ పిల్లల కష్టమూ చెరిగిపోతుంది.

ఇక తిండి. 1962 నుంచి ఉన్న రేషన్ పుస్తకం, లిబ్రెతా, మన తెల్లకార్డులా పేదలకే పరిమితం కాదు, ప్రతి ఇంటికీ ఉంటుంది. దాని మీద వచ్చే సరుకు ఏటికేడు చిక్కిపోయింది. ఏడేళ్లలోపు పిల్లలకు పాలు హామీ ఇచ్చిన ప్రభుత్వమే 2024లో పాలపొడి కోసం ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం అడగాల్సి వచ్చింది. అదే ఏడాది 30 గుడ్ల అట్ట ధర సగటు నెల జీతంలో సగం దాటింది. ఒకప్పుడు ఏడాదికి 80 లక్షల టన్నుల పంచదార తీసిన దేశం ఇప్పుడు ఐదు లక్షల టన్నులు కూడా తీయలేక బయట కొంటోంది.

దీనికి అమెరికా ఆంక్షలు పెద్ద కారణం, సందేహం లేదు. ఐక్యరాజ్యసమితి 1992 నుంచి వాటిని ఖండిస్తూనే ఉంది. అయితే పొలాలకు, ఆసుపత్రులకు పెట్టాల్సిన డబ్బు హోటళ్లకు పోయడం హవానాలో తీసుకున్న నిర్ణయం. ఊరంతా చీకట్లో మగ్గుతున్న కాలంలోనే, 2025లో, వెదాదో పేటలో 42 అంతస్తుల హోటల్ తలుపులు తెరిచింది. మనం దిగే గదుల కోసమే ఆ ఖర్చు. అందుకే యాత్రికుడికి ఈ విషయంలో బాధ్యత ఉందంటున్నాను.

తాము సంతోషంగా ఉన్నారో లేదో క్యూబా ప్రజలే చెప్పారు. 2021 జూలై 11న సాన్ ఆంటోనియో దె లోస్ బాన్యోస్‌లో మొదలై అనేక ఊళ్లలో వేలమంది ఆహారం, మందులు, స్వేచ్ఛ కావాలంటూ వీధుల్లోకి వచ్చారు. వందలమందిని జైళ్లలో పెట్టారు. ఆ తర్వాత రెండేళ్లలో కోటీ పదకొండు లక్షల జనాభాలో పది లక్షలకు పైగా తగ్గిపోయారు. అందులో అత్యధికం దేశం విడిచి వెళ్లినవాళ్లే.

సోవియట్ యూనియన్ కూలి క్యూబా ఆకలితో అల్లాడినప్పుడు, పోషకాహారం లేక 50 వేలమందికి పైగా చూపు, నరాలు దెబ్బతిన్న ఆ రోజుల్లో, మన దేశంలో సీపీఎం నేత హరికిషన్ సింగ్ సూర్జిత్ పిలుపు అందుకున్న కార్యకర్తలు గోధుమలు సేకరించారు. పి.వి. నరసింహారావు ప్రభుత్వమూ చేయి కలిపింది. క్యూబాను ప్రేమించినవాళ్లే వాళ్లంతా. "పేదలైనా నవ్వుతున్నారు" అని ఊరుకోలేదు, ఓడలో గోధుమలు పంపారు.

క్యూబా వెళ్లే తెలుగువారికి నా విన్నపం ఒకటే. పెద్ద హోటల్ వదిలి గది అద్దెకిచ్చే కుటుంబం దగ్గర దిగండి. పెట్టెలో జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్స్, పిల్లల విటమిన్లు తీసుకెళ్లి ఇవ్వండి. ఆ పేటలో గుడ్లెంతో, కరెంటు ఎన్ని గంటలుందో, ఆ ఇంట్లోంచి ఎంతమంది వలసపోయారో అడిగి, అది రాయండి.