గ్యాస్ నొప్పికి ఈసీజీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య రాత్రి భోంచేశాక పొట్ట పైభాగంలో మంట, బరువు, తేన్పులు. గ్యాస్ మాత్ర వేసుకుంటే ఒక్కోసారి తగ్గుతోంది, ఒక్కోసారి తగ్గటం లేదు. గ్యాస్ట్రో డాక్టరుకు చూపిస్తే ముందు ఈసీజీ తీయించారు. నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు ఎండోస్కోపీకి ముందు మళ్లీ ఈసీజీ కావాలంటున్నారు. పొట్ట జబ్బుకు గుండె పరీక్ష ఏమిటని నాన్నగారు కోప్పడుతున్నారు. నిజంగా అవసరమా?

- ఒక పాఠకురాలు

జవాబు: నొప్పి ఒకచోట, పరీక్ష మరోచోట అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ మొదటిసారి ఈసీజీ తీయించి ఆ డాక్టరు మంచి పనే చేశారు.

గుండెకూ జీర్ణాశయానికీ మధ్య అడ్డుగా ఉండేది ఉదరవితానం అనే పల్చటి కండరం. రెండింటి నుంచి నొప్పిని మోసుకెళ్లే నాడులు వెన్నుపాములో దగ్గరదగ్గరగానే చేరతాయి. అందుకే నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో మెదడు ఒక్కోసారి పోల్చుకోలేదు. ముఖ్యంగా గుండె కింది భాగంలో వచ్చే పోటు అచ్చం అజీర్తిలాగే పొట్ట పైభాగంలో నొప్పి, వికారం, వాంతులతో మొదలవ్వచ్చు. షుగర్ ఉన్నవారిలో, వృద్ధుల్లో, స్త్రీలలో ఛాతీనొప్పి లేకుండానే పోటు రావచ్చు. గ్యాస్ మాత్రతో తగ్గింది కదా, గుండెది కాదులే అనుకోవటం సరికాదు.

ఈసీజీ తీయటానికి పట్టేది కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదు. ఒంట్లోకి కరెంటు పంపరు, గుండెలో పుట్టే విద్యుత్తునే కాగితం మీద గీతలుగా నమోదు చేస్తారు. అయితే అది ఆ కొద్ది సెకన్ల సంగతే చెబుతుంది. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా ఉన్నంతమాత్రాన గుండె జబ్బు లేదని తేల్చలేం. నడిచినప్పుడు నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలు అవసరం కావచ్చు.

ఇక రెండో ఈసీజీ. గొంతులో మందు స్ప్రే చేసి ఎండోస్కోపీ చేస్తే ఆరోగ్యవంతులకు సాధారణంగా ఈసీజీ అక్కర్లేదు. మత్తు ఇచ్చి చేసేటప్పుడు వయసు, షుగర్, బీపీ, గుండె జబ్బులను బట్టి అడుగుతారు. మొదటిది ఈమధ్య తీసిందే అయితే, లక్షణాలు మారకపోతే, అది సరిపోతుందేమో డాక్టరును అడగండి. అడగటం తప్పు కాదు.

మందుల సంగతీ ఉంది. వాంతులకు, కడుపుబ్బరానికి ఇచ్చే డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్, పొట్టలోని హెచ్.పైలోరి బ్యాక్టీరియాకు వాడే క్లారిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను దెబ్బతీయవచ్చు. డోంపెరిడోన్‌ను సాధారణంగా వారం రోజులకు మించి వాడవద్దని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2014లోనే సూచించింది. కాబట్టి మీ నాన్నగారు దుకాణంలో కొనుక్కుని వేసుకుంటున్న గ్యాస్ మాత్రల అట్టలు డాక్టరుకు చూపించండి.

పొట్ట పైభాగంలో నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, కళ్లు తిరగటం, నొప్పి దవడకో చేతికో పాకటం ఉంటే సోడా తాగించి తెల్లారేదాకా చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి ఈసీజీ కాగితాన్ని ఫైల్లో భద్రంగా ఉంచండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి డాక్టరు ముందుగా అడిగేది దాన్నే.