గడ్డ ఉందన్న అమ్మాయికి వయసు అడ్డం పెట్టకండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను ఒక జిల్లా కేంద్రంలో స్కానింగ్ గదిలో పనిచేసే రేడియాలజిస్టును. పొద్దున్నుంచి నా తలుపు ముందు గర్భిణుల వరస ఉంటుంది. ఆ వరసలోనే ఎప్పుడో ఒకసారి ఓ అమ్మాయి చీటీ చేత పట్టుకుని, చున్నీ గుండెల మీదికి లాక్కుంటూ నిలబడుతుంది. ఈ ఉత్తరం ఆమె కోసం.

పోయినేడు అలా వచ్చిన ఒకామెకు ఇరవై ఏడేళ్లు. చంటిబిడ్డ తల్లి. రొమ్ములో గడ్డ తగిలి ఏడు నెలలైంది. పాలు గడ్డకట్టాయని అత్తగారు సున్నం, బెల్లం పట్టు వేసింది. ఆరెంపీ యాంటీబయాటిక్ రాశాడు. ఒక ఆసుపత్రిలో "ఈ వయసుల ఏముంటదమ్మా" అని పంపేశారు. మరోచోట అప్పుచేసి మామోగ్రామ్ తీయించుకుంటే అందులో ఏమీ కనబడలేదని రాసిచ్చారు. నేను అల్ట్రాసౌండ్ ప్రోబు ఆనించిన నిమిషానికే కనబడింది: నిలువుగా పెరిగి, అంచులు చెదిరి, వెనక నల్లటి నీడతో. చంకలోనూ గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "బిడ్డకు పాలు ఇయ్యొచ్చునా మేడం?"

మామోగ్రామ్ పనికిమాలిన పరీక్ష అని నేననను. అది ఎక్స్‌రే. పడుచు వయసులో, అందులోనూ పాలిచ్చే రోజుల్లో, రొమ్ములో కొవ్వు తక్కువ, పాలగ్రంథుల కణజాలం ఎక్కువ. ఫిల్మ్ మీద అదీ తెల్లగానే పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. మంచు కమ్మిన చెరువులో కొంగను వెతికినట్టు ఉంటుంది మా పని. అల్ట్రాసౌండ్‌కు ఆ ఇబ్బంది తక్కువ. నీటితిత్తి అయితే నల్లగా కనబడుతుంది. ఈ వయసులో ఎక్కువగా వచ్చే, ప్రాణాపాయం లేని ఫైబ్రోఅడినోమా గడ్డ నున్నటి అంచులతో, అడ్డంగా పడుకున్న చిక్కుడు గింజలా ఉంటుంది. రేడియేషన్ లేదు కాబట్టి గర్భిణికీ బాలింతకూ భయం లేదు. అందుకే గడ్డ తగిలినవారిలో 30 లోపువారికి ముందు అల్ట్రాసౌండ్, 40 దాటితే ముందు మామోగ్రామ్, మధ్యవారికి ఏదైనా సరే అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ సూచించింది. అనుమానం తగిలితే చిన్న వయసులోనైనా మామోగ్రామ్ తీస్తాం, కాల్షియం చుక్కలు అందులోనే బాగా తేలతాయి.

ఇంతకీ చిక్కు ఎక్కడుంది? దేశమంతటా ఊరూరా జరిగే స్క్రీనింగ్‌లో రొమ్ము పరీక్ష 30 నుంచి 65 ఏళ్లవారికి, అదీ చేత్తో చూసేది. ఆ గీత స్క్రీనింగ్ కోసం గీసింది. ఏ బాధా లేనివారిని పిలిచి చూడటం స్క్రీనింగ్. గడ్డ తగిలి తనంతట తాను వచ్చిన మనిషిని చూడటం వైద్యం. కింది స్థాయిలో ఈ రెండూ కలిసిపోయి, ముప్పై నిండలేదన్న మాటే మందుచీటీ అవుతోంది.

స్క్రీనింగ్ వయసు తగ్గించమని నేను అడగడం లేదు. టాటా మెమోరియల్ వారు ముంబైలో లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు నడిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి పరీక్ష వల్ల 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. ఏ లక్షణమూ లేని పాతికేళ్ల పిల్లకు ప్యాకేజీ పేరుతో మామోగ్రామ్ అమ్మే కార్పొరేట్ ఆసుపత్రులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చిన్న వయసులో కనబడే గడ్డల్లో చాలావరకు ప్రాణాపాయం లేనివే. ఆ మాట స్కాన్ చూశాక చెప్పాలి. చూడకముందే చెబితే అది జోస్యం.

మరి స్కాన్ చెయ్యడానికి ఏమి కావాలి? చాలా ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ యంత్రం ఉంది. కడుపు చూసే వంపు ప్రోబుతో రొమ్ము సరిగా కనబడదు, లీనియర్ ప్రోబు కావాలి. అది కొననిచోట కొనండి. కొన్నా డబ్బా విప్పనిచోట విప్పించండి. లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టం వల్ల యంత్రాన్ని ఇష్టమొచ్చినట్టు బయటి శిబిరాలకు తీసుకుపోలేం. చట్టం ఉండాల్సిందే. కాబట్టి అమ్మాయే యంత్రం దగ్గరికి రావాలి. గర్భిణుల వరసలో ఆమెను నిలబెట్టకుండా, 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ పథకంలో మంగళవారాలను ఆడవాళ్ల కోసం కేటాయించినట్టే, వారానికి ఒక పూట రొమ్ము స్కాన్లకే కేటాయించండి.

ఇంకొకటి. స్కాన్‌లో ఏమీ లేకపోయినా చేతికి గడ్డ గట్టిగా తగులుతుంటే కథ ముగిసినట్టు కాదు. చేతి పరీక్ష, స్కాన్, సూదితో ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ చూడాలి. ఆ సూది పరీక్ష ఈరోజుకీ చాలామందిని హైదరాబాదు బస్సు ఎక్కిస్తోంది. ఎక్కలేనివారు ఇంట్లోనే ఉండిపోతున్నారు.

ఇవన్నీ కుదరడానికి సమయం పడుతుందంటే, ఒక్క పని ఈ నెలలోనే చేయించవచ్చు. ఆమె గడ్డ గురించి మొదటిసారి చెప్పిన తేదీ, స్కాన్ అయిన తేదీ, ముక్క పరీక్ష రిపోర్టు చేతికందిన తేదీ, మూడూ ఒకే కాగితం మీద రాయమని ఆదేశించండి. నెలకోసారి ఆ కాగితాలు తెప్పించుకుని మీరే చూడండి.

ఇట్లు,
ఒక జిల్లా రేడియాలజిస్టు